గులాబీ వెలుగు నుంచి వైద్యుడి గుమ్మం దాకా: రొమ్ము క్యాన్సర్ అవగాహనలో వింత సాంకేతికతలు

దక్షిణ గుజరాత్‌లో సూరత్ నగరానికి తూర్పున సుమారు 35 కిలోమీటర్ల దూరంలో బార్డోలీ ఉంది. ఈ ఊరి పేరు మనకు చరిత్ర పాఠాల్లో పరిచయం. పెంచిన భూమిశిస్తు కట్టబోమని 1928లో ఇక్కడి రైతులు సత్యాగ్రహం చేశారు. వల్లభభాయ్ పటేల్‌కు ‘సర్దార్’ అన్న పేరు స్థిరపడింది ఆ ఉద్యమంలోనే. అప్పుడు తాలూకాలోని 137 గ్రామాలకూ కబురు చేరవేయడానికి రేడియో లేదు, ఫోను లేదు. రోజూ అచ్చయ్యే సత్యాగ్రహ పత్రిక ఊరూరికీ వెళ్ళేది. దాని వెంట కార్యకర్తలు వెళ్ళేవారు. మిఠుబెన్ పెటిట్, మణిబెన్ పటేల్ వంటి మహిళలు గ్రామాల్లో తిరిగి స్త్రీలతో మాట్లాడారు. కాగితం మీద అచ్చయిన మాటకు మనిషి తోడు ఉండేవాడు. ఆ మాట విన్నవాళ్ళు ఏం చేయాలో కూడా స్పష్టంగా ఉండేది.

ఇప్పుడు ఇదే ప్రాంతంలో ఇంకొక కబురు ఇంటింటికీ చేరాల్సి ఉంది. అది రొమ్ము క్యాన్సర్ గురించి. ప్రపంచమంతా అక్టోబర్‌ను రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసంగా జరుపుకుంటుంది. బార్డోలీ పరిసరాల్లో అక్టోబర్, నవంబర్ అంటే చెరకు నరికే కాలం మొదలయ్యే రోజులు. డాంగ్ జిల్లా నుంచి, మహారాష్ట్రలోని ఖాందేశ్ ప్రాంతం నుంచి కూలీల కుటుంబాలు వచ్చి పొలాల దగ్గర గుడిసెలు వేసుకుంటాయి. పక్కనే ఉన్న సూరత్‌లో తెలంగాణ నుంచి వెళ్ళి మరమగ్గాల మీద పనిచేసే పద్మశాలి కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతోంది. చెరకు నరికే ఆమెకు, మగ్గాల వాడలో ఉండే మన తెలుగు ఆమెకు, కళాశాలలో చదివే అమ్మాయికి ఒకే కబురు చేరాలి. భాషలు వేరు, చదువులు వేరు, చేతిలో ఉన్న ఫోన్లు వేరు.

ఈ పని కోసం ఇటీవలి సంవత్సరాల్లో చాలా వింత సాంకేతికతలు వచ్చాయి. ట్వీట్ చేసే బ్రా, నిమ్మకాయల బొమ్మ, పన్నెండు భాషల యాప్, వేడిని కొలిచే లోదుస్తు, వేలికొసల్లా గట్టిదనాన్ని పసిగట్టే పరికరం వాటిలో కొన్ని. ఇవన్నీ చూపును తమ వైపు తిప్పుకుంటాయి. అయితే వాటిలో ఏది మహిళను వైద్యుడి గుమ్మం దాకా తీసుకువెళుతుంది? ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఆలస్యమే అసలు శత్రువు

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఆ ఏడాది సుమారు 23 లక్షల మంది మహిళల్లో రొమ్ము క్యాన్సర్ కొత్తగా బయటపడింది. 6.7 లక్షల మంది దీనివల్ల చనిపోయారు. మన దేశంలో కొత్త కేసులు సుమారు 1.92 లక్షలు, మరణాలు 98 వేలకు పైనే. అంటే ఆ ఏడాది బయటపడిన ప్రతి రెండు కేసులకు ఒక మరణం చొప్పున నమోదైనట్లు లెక్క.

వ్యాధి ఒకటే అయినా ఫలితం అన్ని దేశాల్లో ఒకేలా లేదు. 2010 నుంచి 2014 మధ్య గుర్తించిన కేసులను పోల్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం, గుర్తించిన తర్వాత ఐదేళ్ళు జీవించినవారు అమెరికాలో 90 శాతం ఉంటే మన దేశంలో సుమారు 66 శాతమే. ఈ తేడాకు చికిత్స అందుబాటు ఒక కారణం. చాలా కేసులు మూడో దశలో, నాలుగో దశలో ఆసుపత్రికి రావడం మరో ముఖ్య కారణం. కణితి చిన్నగా, రొమ్ముకే పరిమితమై ఉన్నప్పుడు చికిత్స తేలిక, ఖర్చు తక్కువ, నయమయ్యే అవకాశం ఎక్కువ. అది చంకలోని లింఫు గ్రంథులకు, అక్కడి నుంచి ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి పాకాక పరిస్థితి మారిపోతుంది.

మహిళలు ఎందుకు ఆలస్యంగా వస్తున్నారు? తొలి గడ్డకు సాధారణంగా నొప్పి ఉండదు. నొప్పి లేని దాన్ని జబ్బుగా భావించం. ఇంట్లో చెప్పుకోవడానికి బిడియం. వైద్యుడు పురుషుడైతే మరింత సంకోచం. రోజు కూలి పోతుందన్న భయం ఒకవైపు, క్యాన్సర్ అని తేలితే ఎలా అన్న భయం ఇంకోవైపు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం 30-49 ఏళ్ళ మహిళల్లో ఎప్పుడైనా ఒక్కసారి రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు దేశవ్యాప్తంగా 0.9 శాతమే. నూటికి ఒకరు కూడా లేరు. వింత సాంకేతికతలు పనిచేయాల్సింది ఈ ఖాళీలోనే.

చూపు తిప్పే ప్రయోగాలు

2013 అక్టోబర్‌లో గ్రీస్‌లో ఒక టీవీ వ్యాఖ్యాత ప్రత్యేకమైన బ్రా ధరించారు. దాని కొక్కెం విప్పిన ప్రతిసారీ అందులోని చిన్న పరికరం బ్లూటూత్ ద్వారా ఫోనుకు సంకేతం పంపేది. వెంటనే ట్విటర్‌లో ఒక సందేశం వెలువడేది. నెలకోసారి రొమ్ములను పరీక్షించుకోవాలని మహిళలకు గుర్తు చేయడం దాని ఉద్దేశం. ఆ బ్రా జబ్బును కనిపెట్టేది కాదు, కేవలం గుర్తు చేసేది. ఎప్పుడూ పైకి మాట్లాడని విషయాన్ని జనం నవ్వుతూనైనా మాట్లాడుకునేలా చేసింది. ఆ ప్రచారం ముగియగానే గుర్తు చేయడమూ ఆగిపోయింది.

2016లో అర్జెంటీనాకు చెందిన మాక్మా అనే స్వచ్ఛంద సంస్థకు మరో ఇబ్బంది ఎదురైంది. రొమ్మును ఎలా పరీక్షించుకోవాలో చూపే వీడియో పెడితే, నగ్నత్వం పేరుతో సామాజిక మాధ్యమాలు దాన్ని తీసేస్తాయి. పురుషుడి ఛాతీని చూపితే ఏ అభ్యంతరమూ లేదు! దాంతో వారు లావుపాటి పురుషుడి ఛాతీ మీద పరీక్ష పద్ధతిని చూపిస్తూ వీడియో చేశారు. అది ప్రపంచమంతా చూసింది. పురుషుల్లో కూడా అరుదుగా రొమ్ము క్యాన్సర్ వస్తుంది కాబట్టి ఆ బొమ్మ తప్పుదోవ పట్టించేదేమీ కాదు.

వీటికన్నా ఎక్కువ మేలు చేసినది నిమ్మకాయల బొమ్మ. డిజైనర్ కోరీన్ ఎల్స్‌వర్త్ బోమాంట్ కోడిగుడ్ల అట్టలో పన్నెండు నిమ్మకాయలు అమర్చి, ఒక్కో కాయ మీద ఒక్కో లక్షణం చూపారు. ఒక కాయ మీద సొట్ట, ఒకదాని మీద ఎర్రదనం, ఒకదాని మీద ఉబ్బిన నరం, ఒకదానికి లోపలికి పోయిన తొడిమ, ఇంకొకదాని నుంచి కారుతున్న ద్రవం. 2017 జనవరిలో ఈ చిత్రం సామాజిక మాధ్యమాల్లో విస్తృతంగా పంచుకోబడింది. ఇందులో నగ్నత్వం లేదు. చదువు రాకపోయినా అర్థమవుతుంది. నిమ్మకాయ తెలియని ఇల్లు ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, రొమ్ము క్యాన్సర్ అంటే గడ్డ ఒక్కటే అనుకునేవారికి మిగతా లక్షణాలు కూడా ఉన్నాయని అది చెప్పింది. మొదటి రెండు ప్రయోగాలు దృష్టిని ఆకర్షించాయి. ఈ మూడోది దృష్టిని ఆకర్షించడంతో పాటు ఒక సమాచారాన్ని చేతిలో పెట్టింది.

హైదరాబాద్ అనుభవం

తెలుగు నేల మీద ఈ విషయంలో చెప్పుకోదగ్గ ప్రయత్నం హైదరాబాద్‌లో జరిగింది. రొమ్ము వ్యాధుల శస్త్రచికిత్స నిపుణుడు డాక్టర్ పి. రఘురామ్ 2007లో ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్‌ను ప్రారంభించారు. ఆ పేరు ఆయన తల్లిది. ఆమెకు రొమ్ము క్యాన్సర్ రావడమే ఈ పనికి ప్రేరణ. అక్టోబర్ నెలలో చార్మినార్ వంటి కట్టడాలను గులాబీ రంగు దీపాలతో వెలిగించే కార్యక్రమం ఈ సంస్థ చేపట్టింది. రోజూ చూసే కట్టడం ఒక రాత్రి రంగు మారితే, ఎందుకని అడగనివారు ఉండరు.

అడిగినవారికి జవాబు దొరకాలి. 2017లో ఈ సంస్థ ‘ఏబీసీస్ ఆఫ్ బ్రెస్ట్ హెల్త్’ పేరుతో ఒక మొబైల్ యాప్ విడుదల చేసింది. ఇంగ్లీషుతో పాటు భారతీయ భాషల్లో, మొత్తం పన్నెండు భాషల్లో సమాచారం ఇచ్చారు. క్యాన్సర్ గురించే కాక, క్యాన్సర్ కాని మామూలు గడ్డల గురించి కూడా అందులో వివరించారు. ఇది చిన్న విషయం కాదు. రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. ఈ మాట ముందే తెలిస్తే భయం తగ్గుతుంది. భయం తగ్గితే పరీక్షకు వెళ్ళడం సులువవుతుంది.

అదే సంస్థ అంతకుముందే, 2012 నుంచి 2016 వరకు, వేరొక దారిలో పనిచేసింది. ఆరోగ్య కార్యకర్తలకు రొమ్ము పరీక్షలో శిక్షణ ఇచ్చి, రెండు తెలుగు రాష్ట్రాల్లోని దాదాపు 4,000 గ్రామాల్లో సుమారు 2 లక్షల మంది మహిళలకు పరీక్షలు చేయించింది. ఇందులో ఖరీదైన యంత్రం లేదు. శిక్షణ పొందిన చేతులే పరికరం. అనుమానం ఉన్నవారిని తదుపరి పరీక్షలకు పంపారు. గులాబీ దీపం, యాప్, కార్యకర్త చేయి అనే ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. దీపం అడిగిస్తుంది, యాప్ చెబుతుంది, చేయి పరీక్షిస్తుంది. మూడోది లేకపోతే మొదటి రెండూ సగంలో ఆగిపోతాయి.

తాకి చెప్పే, వేడి కొలిచే పరికరాలు

మామోగ్రఫీ యంత్రం ఖరీదైనది. దాన్ని నడపడానికి సాంకేతిక నిపుణులు, చిత్రాలను చదవడానికి రేడియాలజిస్టులు కావాలి. పైగా వయసు తక్కువ ఉన్న మహిళల్లో రొమ్ము కణజాలం సాంద్రంగా ఉండటం వల్ల ఎక్స్‌రేలో కణితి స్పష్టంగా కనిపించకపోవచ్చు. మన దేశంలో ఈ వ్యాధి పాశ్చాత్య దేశాలతో పోలిస్తే సగటున పదేళ్ళ ముందుగా వస్తోంది. అందుకే గ్రామాలకు తీసుకువెళ్ళగల చిన్న పరికరాల కోసం శాస్త్రవేత్తలు ప్రయత్నిస్తున్నారు.

వాటిలో ఒకటి ఐబ్రెస్ట్‌ఎగ్జామ్. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో రూపొందిన సాంకేతికత ఆధారంగా యూఈ లైఫ్‌సైన్సెస్ సంస్థ దీన్ని తయారు చేసింది. ఇందులో పీజోఎలక్ట్రిక్ సెన్సర్లు ఉంటాయి. కొన్ని పదార్థాలను నొక్కితే విద్యుత్తు పుడుతుంది, విద్యుత్తు ఇస్తే అవి స్వల్పంగా వంగుతాయి. ఇదే పీజోఎలక్ట్రిక్ గుణం. గ్యాస్ పొయ్యి లైటర్‌ను నొక్కినప్పుడు రవ్వ వచ్చేది కూడా దీనివల్లనే. చేతిలో ఇమిడే ఈ పరికరాన్ని రొమ్ము మీద ఆనించినప్పుడు మెత్తని కణజాలం ఒకలా, గట్టి గడ్డ మరోలా స్పందిస్తాయి. ఆ తేడా ఫోను తెర మీద రంగుల్లో కనిపిస్తుంది. రేడియేషన్ ఉండదు, నొప్పి ఉండదు. అయితే ఇది గట్టిదనాన్ని మాత్రమే చెబుతుంది. ఆ గట్టిది క్యాన్సరా కాదా అన్నది అల్ట్రాసౌండ్ లేదా మామోగ్రఫీ, ఆ పైన బయాప్సీ తేల్చాలి.

రెండో దారి వేడిని కొలవడం. వేగంగా పెరిగే కణితి తన చుట్టూ కొత్త రక్తనాళాలను పెంచుకుంటుంది. అక్కడ రక్తప్రవాహం, జీవక్రియ ఎక్కువ కావడంతో పైన చర్మం కొద్దిగా వెచ్చబడవచ్చు. కేరళలోని త్రిస్సూర్‌లో ఉన్న ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-మెట్‌లో శాస్త్రవేత్త డాక్టర్ ఎ. సీమ బృందం ఈ సూత్రంతో చిన్న ఉష్ణ సెన్సర్లు అమర్చిన లోదుస్తును రూపొందించింది. ధరించిన దుస్తు తీయకుండానే, ఎవరూ తాకకుండానే ఉష్ణోగ్రతలు నమోదవుతాయి. బిడియమే పెద్ద అడ్డంకి అయిన చోట ఈ ఆలోచన విలువైనది. ఈ కృషికి ఆమె 2018 సంవత్సరానికి నారీ శక్తి పురస్కారం అందుకున్నారు. బెంగళూరులో 2016లో మొదలైన నిరామై సంస్థ ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో తీసిన ఉష్ణ చిత్రాలను కృత్రిమ మేధతో విశ్లేషించే పద్ధతిని అభివృద్ధి చేసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మామూలు థర్మోగ్రఫీని మామోగ్రఫీకి ప్రత్యామ్నాయంగా వాడకూడదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2011లో హెచ్చరించింది. ఆ తర్వాత కూడా ఆ మాటను గుర్తు చేసింది. లోతుగా ఉన్న చిన్న కణితి చర్మాన్ని వేడెక్కించకపోవచ్చు. క్యాన్సర్ కాని వాపు వేడెక్కించవచ్చు. కాబట్టి ఇలాంటి పరికరం ‘అంతా బాగుంది’ అని చూపినా, చేతికి గడ్డ తగులుతుంటే వైద్య పరీక్ష మానకూడదు. కొత్త పరికరం ఇచ్చే తప్పుడు ధైర్యం, పరికరం లేకపోవడం కన్నా ప్రమాదకరం.

మూడో దారిలో యంత్రమే లేదు. జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్‌కు చెందిన స్త్రీ వ్యాధి నిపుణుడు డాక్టర్ ఫ్రాంక్ హాఫ్‌మన్, చూపు లేని మహిళల స్పర్శ జ్ఞానాన్ని రొమ్ము పరీక్షకు ఉపయోగించాలని తలచారు. ‘డిస్కవరింగ్ హ్యాండ్స్’ పేరుతో మొదలైన ఈ పద్ధతిలో, వేలికి తెలిసే గుర్తులున్న అంటుకునే పట్టీలను రొమ్ము మీద అతికిస్తారు. వాటి సాయంతో పరీక్షకురాలు సెంటీమీటరు సెంటీమీటరు చొప్పున తడిమి చూసి, తేడా ఎక్కడుందో కచ్చితంగా నమోదు చేస్తారు. మన దేశంలో ఢిల్లీలోని జాతీయ అంధుల సంఘానికి చెందిన మహిళా కేంద్రంలో 2017 నుంచి ఈ శిక్షణ ఇస్తున్నారు. చూపు లేని మహిళలకు గౌరవమైన ఉపాధి దొరుకుతుంది. పరీక్షకు వచ్చిన మహిళకు తనను ఎవరూ చూడడం లేదన్న నిశ్చింత కలుగుతుంది.

షాంఘై మిల్లులు చెప్పిన పాఠం

ఇప్పటివరకు చెప్పిన ప్రచారాల్లో చాలావాటి వెనక ఒక నమ్మకం ఉంది. మహిళలకు నేర్పిస్తే వారే గడ్డను ముందుగా కనిపెడతారు, ప్రాణాలు నిలుస్తాయి అన్నదే ఆ నమ్మకం. ఇది ఎంతవరకు నిజం? దీన్ని పరీక్షించిన అతి పెద్ద అధ్యయనం చైనాలోని షాంఘైలో జరిగింది. అందులో పాల్గొన్న 2,66,064 మంది మహిళలూ జౌళి మిల్లుల కార్మికులే. వారిని మిల్లుల వారీగా రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి రొమ్ములను స్వయంగా పరీక్షించుకోవడం నేర్పారు. నమూనాల మీద సాధన చేయించారు. ఒక ఏడాది తర్వాత ఒకసారి, మూడేళ్ళకు మరోసారి తిరిగి నేర్పారు. రెండో వర్గానికి ఈ శిక్షణ ఇవ్వలేదు.

పదేళ్ళకు పైగా గమనించిన తర్వాత 2002లో ఫలితాలు వెలువడ్డాయి. శిక్షణ పొందిన వర్గంలో రొమ్ము క్యాన్సర్ వల్ల 135 మంది, పొందని వర్గంలో 131 మంది చనిపోయారు. తేడా లేదు. పైగా శిక్షణ పొందిన వర్గంలో క్యాన్సర్ కాని గడ్డలు ఎక్కువగా బయటపడి, అనవసర బయాప్సీలు పెరిగాయి. ఇంత శ్రద్ధగా నేర్పినా మరణాలు తగ్గలేదంటే, ‘నెలకోసారి చూసుకోండి’ అన్న సందేశం ఒక్కటే చాలదని అర్థం. అందుకే ఇప్పుడు నిపుణులు నియమం ప్రకారం చేసే స్వీయ పరీక్ష కన్నా, తన శరీరంలో మామూలుగా ఏది ఎలా ఉంటుందో తెలిసి ఉండటం, కొత్త మార్పు కనిపిస్తే వెంటనే చూపించుకోవడం ముఖ్యమని చెబుతున్నారు.

మరి ఏది పనిచేస్తుంది? జవాబులో కొంత భాగం ముంబై మురికివాడల నుంచి వచ్చింది. టాటా మెమోరియల్ ఆసుపత్రి పరిశోధకులు 1998లో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళ పాటు 35-64 ఏళ్ళ వయసున్న 1,51,538 మంది మహిళలను గమనించారు. వారిలో సగం మందికి శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేతితో రొమ్ము పరీక్ష చేశారు. 2021లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, పరీక్షలు జరిగిన వర్గంలో మూడు, నాలుగు దశల్లో బయటపడిన కేసులు 37 శాతం ఉండగా, రెండో వర్గంలో 47 శాతం ఉన్నాయి. మొత్తం మీద మరణాల్లో 15 శాతం తగ్గుదల కనిపించినా, గణాంకాల ప్రకారం దాన్ని నిర్ధారణగా తీసుకోవడానికి వీలు లేదు. 50 ఏళ్ళు, ఆపైన వయసున్నవారిని విడిగా చూస్తే మాత్రం మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

షాంఘైలో సందేశం చేరింది. ముంబైలో పరీక్షించే మనిషి ఇంటి దాకా చేరారు, అనుమానం వచ్చినవారికి తర్వాతి పరీక్షలు, చికిత్స చూపించారు. రెండు అధ్యయనాలూ వేర్వేరు దేశాల్లో, వేర్వేరు పద్ధతుల్లో జరిగాయి కాబట్టి నేరుగా పోల్చలేం. అయినా సందేశం వెనక సేవ ఉండాలన్న పాఠం మాత్రం స్పష్టం.

మూడు అంకెల కొలబద్ద

ఏ కొత్త సాంకేతికతనైనా బేరీజు వేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన లక్ష్యాలు మనకు కొలబద్దగా ఉపయోగపడతాయి. అవి మూడు: కనీసం 60 శాతం కేసులు మొదటి, రెండో దశల్లోనే బయటపడాలి. లక్షణంతో మొదటిసారి వైద్య సిబ్బందిని కలిసిన 60 రోజుల లోపు వ్యాధి నిర్ధారణ పూర్తి కావాలి. రోగుల్లో కనీసం 80 శాతం మంది చికిత్సను మధ్యలో ఆపకుండా పూర్తి చేయాలి. దీని ద్వారా మరణాల రేటును ఏటా 2.5 శాతం తగ్గించి, 2040 నాటికి 25 లక్షల ప్రాణాలు కాపాడాలన్నది ఆశయం.

ఈ కొలబద్దతో చూస్తే ప్రచారాల విలువ మారిపోతుంది. ఒక వీడియోను ఎన్ని లక్షల మంది చూశారన్నది లెక్కలోకి రాదు. చూసినవారిలో ఎందరు పరీక్షకు వచ్చారు, గడ్డ తగిలిన రోజు నుంచి బయాప్సీ ఫలితం వచ్చే దాకా ఎన్ని రోజులు పట్టింది, ఎందరు చికిత్స చివరిదాకా తీసుకున్నారు అన్నవే లెక్క. యాప్‌లో దగ్గరలోని పరీక్షా కేంద్రం చిరునామా, అది పనిచేసే వేళలు, అక్కడ మహిళా సిబ్బంది ఉన్నారో లేదో చెప్పే ఒక్క పేజీ, ఎన్ని బొమ్మలకన్నా విలువైనది కావచ్చు.

మన ప్రజారోగ్య వ్యవస్థలో ఇందుకు పునాది ఉంది. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 30-65 ఏళ్ళ మహిళలందరికీ ఐదేళ్ళకోసారి రొమ్ము పరీక్ష జరగాలి. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నింపే ఫారంలో రొమ్ముకు సంబంధించి మూడు ప్రశ్నలు ఉన్నాయి: రొమ్ములో గడ్డ ఉందా? చనుమొన నుంచి రక్తంతో కూడిన స్రావం వస్తోందా? రొమ్ము ఆకారంలో, పరిమాణంలో మార్పు వచ్చిందా? మూడే ప్రశ్నలు, ఒక్క నిమిషం పని. కానీ గుమ్మంలో అత్తగారు, మగవాళ్ళు, పిల్లలు ఉండగా ఆ ప్రశ్న అడగడం, దానికి నిజమైన జవాబు చెప్పడం అంత తేలిక కాదు. ఇలాంటి చోట నిమ్మకాయల బొమ్మ సాయపడుతుంది. ఆశా కార్యకర్త సంచిలో ఆ కార్డు ఉంటే, మాట పెగలనప్పుడు వేలు పెట్టి చూపిస్తే సరిపోతుంది. అవతలి ఆమెకు గుజరాతీ, మరాఠీ, తెలుగు ఏ భాష వచ్చినా ఫరవాలేదు.

మళ్ళీ బార్డోలీకి

ఇప్పుడు బార్డోలీ లాంటి ఒక పట్టణంలో అక్టోబర్ శిబిరం పెట్టాలనుకుందాం. ఏ సాంకేతికత ఎక్కడ వాడాలి? కళాశాల అమ్మాయిలకు యాప్ బాగా పనిచేస్తుంది. వారు దాన్ని తమ కోసమే కాక, ఇంట్లో తల్లికి, అత్తకు, పిన్నికి చూపించేలా ప్రోత్సహించాలి. వ్యాధి ముప్పు ఎక్కువ ఉన్నది ఆ వయసువారికే కాబట్టి. సూరత్ మగ్గాల వాడల్లో తెలుగులో రికార్డు చేసిన రెండు నిమిషాల వాట్సాప్ ఆడియో, చదవడం రానివారికి కూడా చేరుతుంది. తెలుగు బడిలో తల్లిదండ్రుల సమావేశం రోజున తెలుగు తెలిసిన నర్సు ఉంటే మరీ మంచిది.

చెరకు నరికే మహిళల విషయం వేరు. వారు తెల్లవారకముందే పొలంలో ఉంటారు. పట్టణంలో గులాబీ దీపం వెలిగిన సంగతి వారికి తెలియదు. వారి దగ్గరకు పరికరమైనా, శిక్షణ పొందిన కార్యకర్త అయినా సాయంత్రం వేళ గుడిసెల దగ్గరకే వెళ్ళాలి. మాట్లాడుకోవడానికి ఒక తెర చాటు ఏర్పాటు చేయాలి. గడ్డ అనుమానం వస్తే ఆమెను పంపే తేదీ, ఆసుపత్రి, తోడు వెళ్ళే మనిషి ముందే నిర్ణయమై ఉండాలి. కోతలు ముగిసి ఆమె సొంత ఊరికి వెళ్ళిపోతే, ఆ కాగితాలు కూడా ఆమె వెంట వెళ్ళాలి. డిజిటల్ ఆరోగ్య రికార్డు నిజంగా అక్కరకు వచ్చేది ఇక్కడే. ఆయుష్మాన్ భారత్ పథకంలో నమోదైన కుటుంబాలు వేరే రాష్ట్రంలోని గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో కూడా చికిత్స పొందవచ్చు. ఆ సంగతి వలస కుటుంబాలకు తెలియజేయడం కూడా అవగాహనలో భాగమే.

ఇక పాఠకులు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని. రొమ్ములో గానీ చంకలో గానీ కొత్తగా గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, నారింజ తొక్కలా మారినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, దాని నుంచి రక్తం లేదా ఇతర స్రావం వచ్చినా, ఒక రొమ్ము ఆకారం మారినా, నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. వైద్యులకు చూపించండి. అది క్యాన్సర్ కాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఒకవేళ అయినా, త్వరగా తెలియడం మీకే మేలు. తల్లికి గానీ, అక్కచెల్లెళ్ళకు గానీ ఈ జబ్బు వచ్చి ఉంటే ఆ సంగతి వైద్యులకు ముందుగానే చెప్పండి. ఇంట్లోని మగవారికి కూడా ఒక మాట: ఆమె చెప్పే దాకా ఆగకుండా, ‘ఆసుపత్రికి నేను తోడు వస్తాను’ అని మీరే అనండి.

1928లో బార్డోలీ ఊళ్ళకు వెళ్ళిన పత్రిక వెంట ఒక మనిషి, చేయదగిన ఒక పని కూడా వెళ్ళాయి. మన కాలపు యాప్‌కు, సెన్సర్‌కు, గులాబీ దీపానికి కూడా ఆ రెండూ తోడు కావాలి. వచ్చే అక్టోబర్‌లో మీ ఊళ్ళో ఏదైనా కట్టడం గులాబీ రంగులో వెలిగితే, దాని దగ్గర ఫోటో తీసుకోండి. ఆ ఫోటోతో పాటు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రొమ్ము పరీక్ష ఏ రోజున చేస్తారో కనుక్కుని, ఆ రోజు పేరు కూడా నలుగురికీ పంపండి.